చెల్లెలు ఒక్కతే ఎక్కిన బస్సు

మా చెల్లెలికి ఇరవై ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. అందరికంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువ. అది అంటుకునే జబ్బు కాదు, మందులతో పోయేదీ కాదు. మాట కొంచెం ముద్దగా వస్తుంది, ఏదైనా నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కానీ నేర్చుకుంటుంది. ఈ చిన్న సంగతి మా ఇంట్లో తెలుసుకోవడానికి ఆమెకంటే మాకే ఎక్కువ రోజులు పట్టింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో ఆధార్ కార్డు పట్టుకొని నా ముందు నిలబడింది.

"అక్కా, పులివెందులకు పోతా. చిన్నమ్మోళ్లింటికి. నేనొక్కదాన్నే."

"దోవలో ముద్దనూర్లో దిగిపోతే యాడని ఎతకల్ల?" అని అమ్మ గోల పెట్టింది. చెల్లెలు వినలేదు. నాలుగు ఆదివారాలు నేను తోడు వెళ్లి దారి చూపించాను. ఐదో ఆదివారం ప్రొద్దుటూరు బస్టాండులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, నన్ను దిగిపొమ్మంది. దిగాను. కానీ మనసొప్పక, జనం చాటున మళ్లీ ఎక్కి రెండు వరసల వెనక కొంగు కప్పుకొని కూర్చున్నాను.

"తోడెవురూ లేరామ్మా?" అన్నాడు కండక్టరు.

"పెద్దదాన్నప్పా నేను. కార్డు సూడు."

ఆయన చూసి, నవ్వి, సున్నా రూపాయల టికెట్ ఇచ్చాడు.

ముద్దనూరులో ఒకామె చంటిబిడ్డతో ఎక్కింది. చెల్లెలు జరిగి చోటిచ్చి, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చెల్లెలి భుజం మీంచి వాడు నావైపు చూశాడు. ఆ కళ్లు, ఆ చప్పిడి ముక్కు చూడగానే గుర్తుపట్టాను. వీడూ మా చెల్లెలి లాంటివాడే. వాళ్లమ్మ చెల్లెలిని చాలాసేపు అట్లాగే చూసింది.

"అమ్మీ, ఒక్కదానివే పోతాండావా?"

"ఊ. ఒక్కదాన్నే. జొన్నరొట్టెలు గూడా నేనే చేస్తా. మా అక్కవి వంకరగా వస్తాయి."

నవ్వు ఆపుకునేలోపే ఆ తల్లి ఏడుపు వినిపించింది. వీడికి ఏమీ రాదని చుట్టాలు తేల్చేశారంట. చెల్లెలు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్సొద్దక్కా. వీడూ నేర్సుకుంటాడు. నిదానంగా," అంది.

ఇక దాక్కోలేకపోయాను. లేచి ముందుకు వెళ్లాను.

"నువ్వేంది ఈడ?" చెల్లెలి మొహం ఎర్రబడింది.

"తప్పయిపోయింది," అన్నాను. నిజంగానే అన్నాను.

పులివెందులలో దిగగానే చెల్లెలు ఆ తల్లికి మా ఇంటి ఫోన్ నంబరు ఒక్క అంకె తప్పకుండా చెప్పింది. నన్ను తిరుగు బస్సు ఎక్కించి, అది కదిలేదాకా కాపలా కాసి, చిన్నమ్మ ఇంటికి ఒక్కతే నడుచుకుంటూ వెళ్లింది.

సాయంత్రం ఆ తల్లి ఫోన్ చేసింది. మా అమ్మ తీసింది. "మా పిల్ల మూడేండ్లకు నడిసిందమ్మా. ఇప్పుడు పట్టుకుందామన్నా దొరకదు," అని గంటసేపు ఒకటే మాటలు. మధ్యలో నేను మాట్లాడతానంటే చేత్తో తోసేసింది.

"వచ్చే ఆదివారం బిడ్డను ఎత్తుకొని రామ్మా. భోజనం ఈడనే."