ఫ్యాన్ల చప్పుడు

మా ఇల్లు వరంగల్‌లో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఉండేది. సీజన్ మొదలైందంటే లారీల మీద నుంచి లేచిన పత్తి నూగు కిటికీ జాలీలకు, ఆరేసిన బట్టలకు, చివరికి టీ గ్లాసుల అంచులకు కూడా అంటుకునేది. నా భార్య దాన్ని ఊడ్చి ఊడ్చి విసిగి, పట్టించుకోవడం మానేసింది. అది కంప్యూటర్‌లోకి చేరినప్పుడు మాత్రం ఊరుకోలేదు.

ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేది. ఇంటర్‌లో ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి చూపు లేదు. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి, హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీలో చేరింది. ఒకరోజు పాత కాలేజీకి వచ్చి, "మేడమ్, మా పుస్తకాలు సదివిపెట్టేటోళ్లు దొరుకుతలేరు" అన్నదట. ఆ వారమే నా భార్య ఒక మైకు కొనుక్కొచ్చి కంప్యూటర్‌కు తగిలించింది. వీధిలో అలికిడి మొదలవకముందే లేచి, ముఖం కడుక్కుని, పుస్తకం ముందు పెట్టుకుని గట్టిగా చదివేది. ఆ రికార్డింగులు హాస్టల్లో చూపులేని పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లేవి.

నేను రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసేవాణ్ని. డోర్నకల్‌లో డ్యూటీ. రోజూ పొద్దున బండికి పోయేముందు ఆమె చదివింది కాసేపు విని, తప్పులున్న చోట కత్తిరించి ఇవ్వడం నా పని. అట్లా వింటున్నప్పుడే తెలిసింది, ఆమె గొంతు వెనక సన్నగా ఒక గుయ్ మనే చప్పుడు, ఉండుండి టకటకమని ఇంకొకటి ఉన్నాయని.

ఆమెకూ హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. "పొద్దంత ఇదింటే పిల్లలకు తలకాయ నొస్తది. జర సూడు" అంది.

హనుమకొండలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకున్న దోస్తు ఒకడున్నాడు నాకు. బడి నాటి నుంచి స్నేహం. నా భార్యను భాభీ అని పిలిచేవాడు. ఒక శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం కూర్చుని క్యాబినెట్ పక్క రేకు విప్పాం. లోపల ఫ్యాన్ రెక్కల మీద పత్తి నూగు మెత్తటి బూడిదరంగు పొరలా పేరుకుంది. ముందువైపు గాలి పీల్చే చోట ఉండే సన్నజాలీ పూర్తిగా మూసుకుపోయింది. గాలి అందక ఫ్యాన్లు శక్తికొద్దీ తిరుగుతున్నాయి. గుయ్ మనేది అదే. టకటకలాడేది ఒక వైరు, రెక్కకు తగులుతోంది.

జాలీ ఊడదీసి నల్లా కింద కడిగాను. వాడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో తుడిచాడు. వైరును పక్కకు తీసి కట్టాం. జాలీ ఆరాక బిగించి ఆన్ చేస్తే పెద్ద చప్పుడు పోయింది కానీ ఎక్కడో జుమ్ మంటూనే ఉంది. నేను ముందు రేకు మీద అరచెయ్యి పెట్టాను. ఆగిపోయింది. తీశాను, మళ్లీ వచ్చింది. జాలీ చట్రం వదులై అదురుతోందని అర్థమైంది. అంచుల వెంట మెత్తటి స్పాంజి టేపు అతికించాం. నా భార్య టీ తెచ్చి, తల వంచి క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి విన్నది.

"నడుస్తాందా, బందైందా?" అని అడిగింది.

"నడుస్తాంది భాభీ," అన్నాడు వాడు మురిసిపోతూ.

ఆ ఏడాది చలికాలంలో ఆమె గొంతు బొంగురుపోయింది. దుమ్ము వల్లే అనుకున్నాం. మిరియాల పాలు, ఆవిరి, ఉప్పునీళ్లు అన్నీ అయ్యాయి. క్లాసులో చివరి బెంచీ పిల్లలకు వినబడటం లేదని ఆమే చెప్పింది. హనుమకొండలో చూపిస్తే హైదరాబాద్‌కు పొమ్మన్నారు. అక్కడ పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేసి, డాక్టరు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీస్తే మాట ఉండదు.

నేను టేబుల్ అంచు పట్టుకున్నాను. ఆమె మాత్రం, "ఆపరేషన్ ఎప్పుడు సార్?" అని అడిగింది. డాక్టరు తేదీ చెప్పాడు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. బయటికి వచ్చాక తెలిసింది, పిల్లల పరీక్షల పుస్తకంలో ఎన్ని పాఠాలు మిగిలాయో చూసుకుందట.

"గొంతుకు రెస్ట్ ఇయ్యమన్నరు," అన్నాను బస్సులో.

"పోయే గొంతే గదా. దాసిపెట్టుకొని ఏం జేస్త?"

జనగామ దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచే చదవడం మొదలుపెట్టింది. గొంతు సన్నబడి, మైకుకు సరిగా అందేది కాదు. మైకు శక్తి పెంచాను. పెంచేసరికి ఇంతకుముందు వినబడని ఫ్యాన్ల చప్పుడు కూడా పైకి లేచింది. ఆమె గొంతు తగ్గేకొద్దీ మిషన్ గొంతు పెరుగుతోంది. నాకు ఆ చప్పుడు మీద పట్టరాని కోపం వచ్చింది. డాక్టర్ల మీద, దేవుడి మీద చూపించలేని కోపమంతా ఆ ఇనుప డబ్బా మీద చూపించాను. సెలవు పెట్టి దాని ముందు కూర్చున్నాను. వెనకవైపు ఫ్యాన్ అరిగిపోయి కీచుమంటోంది. దాని నడిమి స్టిక్కర్ ఎత్తి కుట్టుమిషన్ నూనె వేస్తే ఒక పూట ఆగి మళ్లీ మొదలైంది. దోస్తు కొత్తది తెచ్చాడు. మరలు రేకును తాకకుండా రబ్బరు బిళ్లలు వేశాం. సెట్టింగుల్లోకి పోయి ఫ్యాన్ల వేగం తగ్గించాం. క్యాబినెట్ కింద పాత బొంత మడిచి వేశాను. రోజూ సాయంత్రం జాలీ కడిగేవాణ్ని.

చివరికి నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలో ఆమె అరిగిపోయిన గొంతుతో చదివింది. ఒక వాక్యం, ఒక గుటక నీళ్లు. మధ్యలో దగ్గు. మధ్యలో, "ఏమయ్యా, ఆ కిటికి జర దగ్గరికెయ్యి." మధ్యలో ఎవరో రాజు పేరు నోరు తిరక్క తనలో తానే నవ్వుకోవడం. "అవన్ని తీసెయ్యి, పిల్లలకు పాఠమే ఉండాలె" అనేది. నేను రైల్లో కూర్చుని ఆఫీసు లాప్‌టాప్‌లో అవన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, శుభ్రం చేసినదే ఉంచేవాణ్ని.

ఆఖరి పాఠంలో సగానికి వచ్చాక గాలి తప్ప ఏమీ రాలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, పుస్తకం నా వైపు తిప్పింది. మిగతాది నేను చదివాను. ఆమె పక్కనే కూర్చుని, నేను తప్పు పలికిన చోటల్లా టేబుల్ మీద వేలితో కొట్టేది. ఆగి మళ్లీ చదివేవాణ్ని. పాఠం అయిపోయాక నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆపరేషన్ జరిగింది. మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకునేది. దుమ్ము పోకుండా దాని మీద పల్చటి గుడ్డ కట్టుకోవాలి. ఆ గుడ్డలు ఉతికి, నీడలో ఆరేసి, మడతపెట్టే పని నేనే తీసుకున్నాను. పత్తి మార్కెట్ దగ్గర ఉండొద్దని డాక్టరు చెప్పడంతో హనుమకొండకు ఇల్లు మారాం. ఆమె ఏం కావాలన్నా ఫోన్‌లో టైపు చేసి చూపించేది. చారులో ఉప్పు తక్కువైతే అదీ టైపు చేసేది. పోట్లాడినా టైపు చేసే పోట్లాడేది. నేను గట్టిగా అరిస్తే ఫోన్ బోర్లించి పెట్టేది.

ఏడాది తిరగకుండానే జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. వానాకాలంలో పోయింది. చెయ్యి నా చేతిలోనే ఉంది. చివర్లో ఏదో చెప్పాలని పెదవులు కదిలించింది. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, ఆమె గొంతు వినాలని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రికార్డింగులన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచాను. శిస్తులు, సంధులు, యుద్ధాలు, రాజవంశాలు. ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. దగ్గు లేదు, నవ్వు లేదు. నన్ను పిలిచిన పిలుపు ఒక్కటీ లేదు. అన్నీ నేనే తీసేశాను, ఆమె తీసెయ్యమంది కాబట్టి తీసేశాను. ఆమెకు వీడియోలంటే సిగ్గు. పెళ్లి క్యాసెట్‌లో పాటలే తప్ప మాటలు లేవు. అన్ని గంటల గొంతు నా దగ్గరుంది. అందులో నాతో అన్న మాట ఒక్కటి కూడా లేదు.

పుస్తకాలు చదివిపెట్టేవాళ్లు లేరని మొదట అడిగిన ఆ అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. డిగ్రీ అయిపోయి బీఈడీ చదువుతోంది. జూనియర్లకు ఆ పాఠాలు కావాలని అడిగింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి నా వైపు తిరిగి అడిగింది.

"సార్, మేడమ్ క్లాసుల మాట్లాడుడు నాకెరుకే. ఇంట్ల ఎట్ల మాట్లాడేది?"

చెప్పబోయాను. కూరగాయల బండి దగ్గర బేరమాడినప్పుడు ఎట్లా అనేదో, తన ఆడబిడ్డలతో ఫోన్‌లో ఎట్లా ముచ్చట పెట్టేదో చెప్పాలనుకున్నాను. మాటలన్నీ గుర్తున్నాయి. ఆ మాటలు ఆమె గొంతులో వినబడటం లేదు. లోపల ఎంత వెతికినా ఆ పాఠం చదివే గొంతే వస్తోంది.

"మంచిగ మాట్లాడేది బిడ్డా," అన్నాను.

ఆ అమ్మాయి చెయ్యి చాచి, బల్ల మీద తడుముకుంటూ నా చెయ్యి వెతికి పట్టుకుంది.