రంగు డబ్బా మీది దరువు

మా సుల్తానాబాద్‌ల డప్పు కొట్టే అన్న ఒకాయన ఉండేటోడు. ఏ పాట విన్నా ముందుగాల ఒకటే అడిగేటోడు: "గిది ఏ దరువు?" నాకు తాళమంటే ఇంటికి వేసేదే తెలుసు గనుక నవ్వి ఊకుంటుంటి.

అన్న దుబాయికి కూలికి పోయినప్పుడు అక్కడ పరిచయమైన ఇంగ్లండు గాయకుడొకాయన జానపదానికి గిటార్లు కలిపి, సొంత పైసలతోని ఆల్బం చేసిండు. అందుల ఒక పాటకు అన్న కొట్టిన దరువే, అన్న పేరు గూడ వేసిండు. అన్నది చిన్న ఫోను గనుక ఆల్బం నా సెల్‌కు వచ్చింది. సంబురపడి, అన్నకు చెప్పకుంటనే మా తమ్ముని పెండ్లిల ఆ పాట పెట్టించిన. అందరు ఎగురుతుంటే అన్న వచ్చి డీజే వైరు గుంజిండు.

"ఏమైందన్నా, మంచి ఊపున్న పాట గదా?"

"ఊపు గాదు, ఏడుపు. దుబాయి కూలోళ్ల క్యాంపుల మెట్‌పల్లి దోస్తు సచ్చిపోతే శవాన్ని గూడ సూడనియ్యలే. రంగు డబ్బా మీద చావు దరువు కొట్టి సాగనంపిన. రికార్డు చేసుకుంటనని గా ఇంగ్లండాయన అడిగిండు. ఏం దరువో అడగలే. ఇప్పుడు దానికి ఎగురుతున్రా?"

అన్న గడ్డి మంట పెట్టి తోలు బిగిసెటట్టు తన డప్పు కాపుకున్నడు, పెండ్లి దరువు అందుకున్నడు. ముఖంల కోపం జరంత గూడ తగ్గలే. చేతులు మాత్రం పెండ్లిలనే ఉన్నయి.