పాపకు లంకణం

మా పెద్దపాప అయిదో నెలలో నిద్రలోనే పోయింది. ముందురోజు కొంచెం జ్వరం, రెండు వాంతులు. తెల్లారి ఊయలలో చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు. డాక్టరు కారణం తెలియదన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. షిఫ్టు దిగి విజయనగరం బస్సెక్కి, లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు వైద్య గ్రంథం చదివేవాణ్ణి. ఒక్కో పేజీకి వారం పట్టేది. అయినా వదల్లేదు, అందుకు నాకిప్పటికీ గర్వమే.

చివరికి అందులో ఒకచోట దొరికింది. తిండి ఆగితే ఒంట్లోని చక్కెర కాసేపట్లో అయిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుని బతుకుతుంది. కొందరు పసిపిల్లల్లో ఆ పని చేసే ఎంజైము పుట్టుకతోనే సరిగా ఉండదు. సగం కరిగిన కొవ్వు ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. రక్తపరీక్షలో ఆ జబ్బుకు అవే గుర్తులు. పైకి బిడ్డ బాగానే ఉంటుంది. జ్వరం వచ్చి పాలు మానిన రోజున నిద్రలోనే పోవచ్చు. తల్లీతండ్రీ ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటే బిడ్డకు రావచ్చట. నేను చేసుకున్నది మేనమామ కూతుర్ని.

నేను పుస్తకం మూసేసింది మాత్రం మేనరికం గురించి చదివి కాదు. పెద్దపాపకు వాంతులైన రోజు, కడుపు ఖాళీగా ఉంచాలని మా అత్త సాయంత్రం నుంచి చుక్క పాలు పట్టనివ్వలేదు. ఈ సంగతి తెలిస్తే ఆవిడ బతకదని ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి రెండో పాపకు మూడో నెల. విజయనగరం ఆసుపత్రి డాక్టరమ్మను నేనే అడిగి, పాప మడమ నుంచి రక్తం చుక్కలు తీయించి, అద్దుడు కాగితం లాంటి అట్ట మీద ఆరబెట్టించి పరీక్షకు పంపించాను. రిపోర్టు వచ్చేదాకా మూడు గంటలకోసారి పాలు పట్టమని, జ్వరమొస్తే వెంటనే తెమ్మని ఆవిడ చెప్పింది. ఇంట్లో మాత్రం పాప బరువు తక్కువని, అందుకే అన్నిసార్లు పాలని అబద్ధమాడాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మిల్లు నుంచి వచ్చేసరికి పాప అత్త ఒళ్లో నిద్రపోతోంది. ఒళ్లు వెచ్చగా ఉంది. పక్కన నా భార్య జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. పొద్దున వాంతి అయిందట. అప్పటినుంచి పాలు లేవు.

“లేపకు. లంకణం పెట్టేను, జొరం దిగిపోతాది,” అంది అత్త.

పాలు పట్టమన్నాను.

“పుస్తకాలోడు వచ్చీసేడే. నలుగుర్ని పెంచిన నాకు సెప్తన్నాడు,” అని కూతురి వైపు చూసి నవ్వింది.

అరికాలు గిల్లాను. పాప కళ్లు తెరవలేదు. మళ్లీ గిల్లాను. ముఖం ముడుచుకుంది గాని ఏడవలేదు.

“పెద్దది ఆకలితో పోయింది అత్తా.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఏ రోజు సంగతని అడగలేదు. పాపను తల్లి ఒళ్లో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లింది.

విజయనగరం ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. చాలాసేపటికి పాప గట్టిగా ఏడ్చింది. వారం తర్వాత వచ్చిన రిపోర్టులో ఆ జబ్బు గుర్తులు ఉన్నాయి.

ఆ రోజు పాప ఏడుపు వినేదాకా అత్త వరండాలో నేల మీదే కూర్చుంది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చింది.

“మల్లీ ఎన్ని గంటలకి పట్టాలి?”

మూడు గంటలకోసారి అన్నాను. ఆవిడకు గడియారం చూడటం రాదు. నర్సును పిలిచి, ఏ ముల్లు ఎక్కడికి వస్తే మూడు గంటలైనట్టో గోడ మీది గడియారంలో వేలితో చూపించమంది.