బెంగళూరా, పుణెనా? తేల్చుకోవడానికి హజీరా నుంచి కామ్‌రేజ్ దాకా

బెంగళూరులో ఒకటి, పుణెలో ఒకటి, పేరున్న రెండు సైన్స్ సంస్థల్లో నాకు డిగ్రీ సీటొచ్చింది. రెండూ కళ్లారా చూసి తేల్చుకుందామంటే అది కరోనా రెండో ఏడాది, రెండు క్యాంపస్‌ల గేట్లకూ తాళాలే. సూరత్‌లోని మా భేస్తాన్ కాలనీలో మాత్రం నోళ్లకు తాళాల్లేవు. బెంగళూరుదే పెద్ద పేరని ఒకరు, పుణె అయితే రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగొచ్చని ఇంకొకరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అందామంటే, ఇక్కడ కందకూ దురదగానే ఉంది. నాకు పొద్దున బెంగళూరు బాగుండేది, అన్నం తినేసరికి పుణె బాగుండేది. గడువు రోజు సాయంత్రంలోగా ఏదో ఒకటి ఒప్పుకోకపోతే రెండూ పోతాయి.

గడువుకి ముందు రోజు తట్టింది. గేట్లు మూసేశారంటే పిల్లలంతా ఇళ్లలోనే ఉంటారు కదా! మా స్కూల్ టీచరమ్మ రెండు ఫోన్ నంబర్లు వెతికిచ్చింది. బెంగళూరులో చదివే సౌమ్య హజీరాలో ఉంది. పుణెలో చదివే ధ్రువి కామ్‌రేజ్‌లో ఉంది. ఊరికి పడమర కొస ఒకరు, తూర్పు కొస ఒకరు. నా క్యాంపస్ యాత్ర సూరత్ దాటకుండానే అయిపోతుందన్నమాట.

బయల్దేరే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన పద్మశాలీలం. బాపు పవర్‌లూమ్ మిల్లులో మగ్గాలు నడుపుతాడు. మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. నేను పదకొండో తరగతిలోకి రాగానే, రాత్రిళ్లు గది నాకు ఖాళీగా ఉంటుందని బాపు అడిగి మరీ రాత్రి పాళీకి మారాడు. మారిన కొన్నాళ్లకే క్లాసులు ఫోన్‌లోకి వచ్చాయి, అవీ సరిగ్గా ఆయన పడుకునే పగటి పూట! మళ్లీ పగటి పాళీ అడిగితే సేఠ్ ఇవ్వలేదు. ఇక గదిలో ఒక మూల బాపు నిద్ర, ఇంకో మూల నా చదువు. మగ్గాల హోరులో మాట వినబడదు కాబట్టి మిల్లులో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఆ సైగలే మా ఇంటి భాషయ్యాయి. చెయ్యి అడ్డంగా కోస్తే మగ్గం ఆపమని. అరచేత్తో గాలిని ముందుకు తోస్తే నడవనియ్యమని. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను అన్నానికి పిలవాలన్నా చేతులతోనే.

గడువు రోజు పొద్దున ఏడున్నరకు బాపు పాళీ దిగి వచ్చాడు. నేను ఒక్కదాన్నే పోతానంటే వినలేదు. ముఖం కడుక్కుని, అవ్వ కట్టిచ్చిన సర్వపిండి సంచీ భుజానికి తగిలించుకుని "నడువు" అన్నాడు. భేస్తాన్ నుంచి ఉధనా దర్వాజాకి షేర్ రిక్షాలో మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవర్ భయ్యా ఎక్కడికని హిందీలో అడిగితే, బెంగళూరు కాలేజీ గురించి కనుక్కోవడానికి హజీరాకి అన్నాను. అతను అద్దంలో నన్నొకసారి, బాపునొకసారి చూశాడు.

"బెంగళూరు పోయేవాళ్లు స్టేషన్‌కి పోతారు కదా బెహెన్, హజీరాలో ఏముంది?"

నాకూ సరిగ్గా తెలియదన్నాను. బాపు నవ్వాడు.

దర్వాజా నుంచి సిటీ బస్సులో అడాజణ్, అక్కడ మారి హజీరా. పొద్దున పూట కంపెనీ బస్సులు బారులు తీరి ఉంటాయి కనుక రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. తాపీ వంతెన ఎక్కేటప్పటికి బాపు తల ఊగుతోంది, దిగేటప్పటికి గురక. టౌన్‌షిప్ గేటు దగ్గర నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూసి, టీకా మెసేజ్ చూపించాకే లోపలికి వదిలారు.

సౌమ్య వాళ్లది కాకినాడ వైపు. వాళ్ల నాన్నగారు అక్కడి కంపెనీలో ఇంజినీరు. వాళ్లమ్మగారు పెసరట్లు వేసి పెట్టారు. మేం సర్వపిండి ఇస్తే సౌమ్య రెండు ముక్కలు అక్కడే తినేసింది. తన గది చూపించింది. తలుపుంది, బల్ల ఉంది, తెల్లటి గోడ ఉంది. నాకు అన్నిటికంటే ఆ తలుపు మీద అసూయ పుట్టింది.

"నిజం చెప్పనా రజితా? నేనింతవరకూ ఆ క్యాంపస్ మొహమే చూడలేదు" అంది సౌమ్య. "ఏడాదంతా ఇదిగో, ఈ గోడే నా కాలేజీ. పాఠాలైతే అద్భుతంగా చెబుతారు, అందులో వంక పెట్టడానికి లేదు. ల్యాబులు మాత్రం వీడియోల్లోనే. మళ్లీ ఎంచుకోమంటే నేను పుణె అంటానేమో!"

బెంగళూరు గొప్పలు వినడానికి ఇంత దూరం వస్తే పుణెకి ఓటు పడింది. హాల్లోకి వచ్చి చూస్తే బాపు సోఫాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. జర సేపు పడుకోకపోయావా అన్నాను.

"గింత నిశ్శబ్దంల నిద్రెట్ల పడ్తది బిడ్డా? ఎవరో మగ్గాలన్నీ బంద్ చేసినట్టున్నది" అన్నాడు.

మధ్యాహ్నం మళ్లీ ఊరంతా అడ్డంగా దాటి, వరాఛా మీదుగా కామ్‌రేజ్ చౌరస్తాలో దిగాం. రెండు బస్సులు, ఒక షేర్ రిక్షా కలిపి ఇద్దరికీ నూరు రూపాయల లోపే అయ్యింది. ధ్రువి ఇంట్లో పెద్దవాళ్లున్నారని బయటి మనుషుల్ని రానివ్వడం లేదు. అందుకని రోడ్డు పక్కన లోచో బండి దగ్గరికి రమ్మంది. ఉడికించిన శనగపిండి ముద్ద మీద నూనె, సన్న కారప్పూస లాంటి సేవ్ వేసి ఇచ్చే లోచో మీకు తెలియకపోతే తప్పకుండా తినండి. అందరూ మాసి అని పిలిచే బండి ఆవిడ, ఏం చదువుతావని నన్ను గుజరాతీలో అడిగింది. అదే తేలక తిరుగుతున్నామన్నాను.

"అయితే ముందు తిను, ఖాళీ కడుపుతో ఏదీ తేలదు" అని కాస్త ఎక్కువే వడ్డించింది.

ధ్రువి మా బాపుకి కూడా అర్థం కావాలని హిందీలోనే మాట్లాడింది. పుణెలో ల్యాబ్ గురించి చెబుతుంటే ఆ పిల్ల గొంతు మారిపోయింది. "నేనక్కడ స్ఫటికం ఒకటి పెంచుతున్నాను. వారంలో తిరిగొస్తాం కదా అని గాజు పాత్రలో అట్లాగే వదిలేసి వచ్చాను. ఇప్పుడెట్లా ఉందో!" అంది. ఆ మాటతో నేను పుణె వైపు ఒరిగిపోయానో లేదో, "కానీ పేరు కావాలంటే బెంగళూరే. పైచదువులకి అదే పనికొస్తుంది" అని మళ్లీ నన్ను మొదటికి తెచ్చింది. బెంగళూరు పిల్ల పుణె అంటుంది, పుణె పిల్ల బెంగళూరు అంటుంది! లోచో కాగితం చేతిలో పట్టుకుని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"ఒక్క తేడా ఉంది" అంది ధ్రువి. "ఇంట్లో చదువుకునే వీలు లేనివాళ్లని మావాళ్లు ఇప్పుడే హాస్టల్‌కి రానిస్తున్నారు. బెంగళూరులో ఆ ఏర్పాటు ఇంకా లేదట. అమ్మో నాన్నో ఫోన్ చేసి ఇబ్బంది చెప్పాలి, అంతే."

"మాకా అవసరం లేదు" అన్నాను వెంటనే. నా కోసం రాత్రిళ్లు మేలుకునే మనిషి చేత, మా ఇంట్లో చదువుకునే వీలు లేదని నేనెట్లా చెప్పించను?

బాపు చేతులు తుడుచుకుని "నంబర్ ఇయ్యి బేటా" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాం, అవతల హాస్టల్ ఆఫీసు మేడం. చుట్టూ లారీల హోరు. బాపుకి అలవాటే కనుక గొంతు పెంచి తన హిందీలో మాట్లాడాడు. ఇంట్లో ఏం ఇబ్బంది అని ఆమె అడిగింది. బాపు భుజం మీది సంచీ సర్దుకున్నాడు.

"ఇల్లు మంచిగనే ఉన్నది మేడం. ఇబ్బందేం లేదు."

నాకు బరువు దిగినట్టూ అయ్యింది, గుండె జారినట్టూ అయ్యింది. రెండిట్లో ఏది నిజమో ఇప్పటికీ చెప్పలేను.

"గని మేడం," అన్నాడు బాపు, "నా బిడ్డ ఏడాదిన్నర సంది క్లాసుల ఒక్కనాడు నోరు తెరువలే. నేను పండుకుంటనని. సార్ ఏమన్న అడిగితే జవాబు తెలిసి గూడ సప్పుడు చెయ్యకుంట టైప్ చేస్తది. నేను కండ్లు మూసుకొని అన్నీ వింటనే ఉంట. ఈ పిల్లకు గట్టిగ మాట్లాడే జాగ కావాలె."

ఇన్నాళ్లూ ఆయన నిద్రపోతున్నాడనే నేను అనుకున్నాను. మేడం నా పేరు రాసుకుంది. పుణె సీటు ఒప్పుకున్నాక మెయిల్ పెట్టమంది. బాపు ఫోన్ నా చేతికిచ్చాడు. "నేను ఉన్న మాట చెప్పిన. బెంగళూరే కావాలంటే అదే వట్టు. ఇగ నీ ఇష్టం" అన్నాడు. నేనింకా అటూ ఇటూ చూస్తుంటే, అరచేత్తో గాలిని ముందుకు తోశాడు. అక్కడే, లోచో బండి పక్కన నిలబడి, పుణె నొక్కేశాను. తిరుగు బస్సులో ఇంజిన్ పక్క సీటు దొరికింది. బస్సు కదలకముందే బాపు నిద్రలోకి జారిపోయాడు.

సరైనది ఎంచుకున్నానా అంటే, పుణెకి వచ్చి చాలా నెలలైనా తెలియదు. బెంగళూరు పేరు వినబడితే ఇప్పటికీ లోపల చిన్నగా గుచ్చుకుంటుంది. కానీ తరగతి గదులు తెరిచిన మొదటి రోజు సంగతి చెప్పాలి. సందేహాలున్నాయా అని మాస్టారు అడిగితే, నేను అలవాటుగా చేతులు ఆడించాను. "నోటితో అడుగమ్మా" అన్నారు. అడిగాను. ఎంత గట్టిగా అడిగానంటే తరగతంతా వెనక్కి తిరిగింది. మా మిల్లు మనుషుల గొంతు అంతే మరి. నాకు సిగ్గేసింది, చాలా సంతోషంగా కూడా అనిపించింది. ఆ సాయంత్రం బాపుకి ఫోన్ చేసి ఇది చెప్పాను. "ఇంట్ల ఇప్పుడు నిద్ర పడ్తలేదు బిడ్డా, మస్తు నిశ్శబ్దం" అన్నాడు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకి ఒక్క సలహా. సీనియర్లను ర్యాంకులు అడక్కండి, వాళ్లు కూర్చుని చదువుకునే చోటు చూపించమనండి. తిరిగి వచ్చాక మీరు కూర్చునే చోటు కూడా ఒకసారి చూసుకోండి, పక్కన ఎవరైనా కళ్లు మూసుకుని మేలుకుని ఉన్నారేమో.