జింక వీపుకి ఇప్పనూనె

బస్తర్ ఇంకా సంస్థానంగానే ఉన్న ఆ కాలంలో, జగదల్‌పూర్‌లో వయసు కుర్రాడికి రెండే పనులు: చురుగ్గా ఉండడం, లేకపోతే చురుగ్గా ఉన్నవాణ్ణి చూసి కుళ్లుకోవడం. రెండోదాంట్లో నన్ను మించినవాడు లేడు. ఆవపల్లి వైపు నుంచి వచ్చి, మేనమామ ఇంట్లో తింటూ, సంస్థానం పోలీసులో కొత్తగా చేరాను. నా నడక చూసి తోటివాళ్లు 'దున్నపోతు' అన్నారు. (పిలిస్తే నేను వెనక్కి తిరిగేలోపు పిలిచినవాడు అన్నం తిని వచ్చేవాడన్నది శుద్ధ అబద్ధం.) నాతోపాటే చేరిన తోంగ్‌పాల్ కుర్రాడికి మాత్రం 'జింక' అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో కూడా లోకానికి ఎంత పక్షపాతమో చూడండి!

వాడు సాయంత్రాలు మజ్జిగ నెపంతో మా మామయ్య ఇంటికి వచ్చేవాడు. వాడు పోయాక నా మరదలు, "ఎంత మంచిగ ఉరుకుతడు బావా! కాళ్లు నేలకు తగుల్తయా ఆయనకు?" అనేది. "తగలకపోతే ఎట్ల నిలబడ్తడే?" అనేవాణ్ణి, కళ్లలో నిప్పులు పోసుకుని. మరదలంటే నాకు ప్రాణం. మామయ్యని పిల్లనడుగుదామని ఏడాదిగా అనుకుంటున్నాను గానీ, నా నోరు కూడా నా కాళ్లకి తోబుట్టువే. ఈలోగా ఈ జింకగాడు ఎగిరొచ్చి అడిగేస్తే నా గతేం కాను?

దసరాకి ముందు మా హవల్దారు కొత్తవాళ్లకి బాక్సింగ్ పెట్టాడు. జింకతో తలపడేదెవరని అడిగితే అందరూ ఆకాశం కేసి చూశారు. మామయ్య, అత్తయ్యలతో మరదలు చూడ్డానికి వస్తుందని తెలిసి నేను చెయ్యెత్తాను. అసూయ మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. అభ్యాసంలో వాడి వెంట పరిగెత్తి పరిగెత్తి, గాలిని గుద్ది గుద్ది, రొప్పుతూ కూలబడితే హవల్దారు నెత్తి కొట్టుకున్నాడు. "అరే, వాడి పీఛే దౌడెందుకురా? రాస్తా బంద్ కర్!" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్లో తప్పించుకున్న దూడ వెంట ఎవరు పడతారు? అది మళ్లే చోటికి ముందే పోయి అడ్డంగా నిలబడతాం. పరుగు దానిది, నిలబడ్డం మనది. నిలబడ్డంలో నాకు సాటెవరు?

పోటీ రోజు బరికి నాలుగు గుంజలు పాతి, దసరా రథం కోసం పేనగా మిగిలిన సియాడి తాళ్లు కట్టారు. అడవితీగ నారతో పేనిన తాళ్లవి. రథాన్నే లాగే తాళ్లు, ఉత్త వీపుకి తగిలితే తోలు లాగవూ? నాకు అంత ఆలోచన ఉందనుకునేరు, లేదు.

మొదటి రౌండులో జింక నా ముక్కుని, నుదుటిని ఇష్టమొచ్చినట్టు వాయించాడు. నేను చేతుల వెనక తల దాచుకుని, వాడు ఎడమకి పోతే ఎడమకి ఒక అడుగు, కుడికి పోతే కుడికి ఒక అడుగు వేసి దారి మూశాను. దొరికినప్పుడల్లా డొక్కలో ఒక గుద్దు. రెండో రౌండుకి వాడి ఎగురుడు తగ్గింది. మూడో రౌండులో మూలకి నెట్టి, నా బరువంతా వాడి మీద వాల్చాను. వెనక సియాడి తాడు, ముందు దున్నపోతు! "అమ్మో, నా వీపు!" అని జింక మోకాళ్ల మీద కూర్చున్నాడు. గెలిచాను.

గెలిచి, వాచిన మొహంతో మరదలి కోసం చూస్తే, బరిలోంచి బయటికొచ్చే దారిలోనే కనిపించింది. అత్తయ్య గిన్నె పట్టుకుంటే, మరదలు గుడ్డని ఇప్పనూనెలో ముంచి జింక వీపుకి అద్దుతోంది! "నాకేదే?" అన్నాను. "గెల్సినవ్ గద, నీకేంది బావా?" అంది తలెత్తకుండా. ఒళ్లు భగ్గుమంది. ఏడాదిగా రాని మాట ఒక్క ఊపున తన్నుకొచ్చింది. "మామా! నీ బిడ్డనియ్యి నాకు! ఇప్పుడే చెప్పు!" అని అంతమంది ముందు అరిచాను. మామయ్య నింపాదిగా, "ఇస్త తియ్యి. ముందు అంగీ తొడుక్కో," అన్నాడు. అత్తయ్య నవ్వాపుకోలేక గిన్నె ఒలకబోసింది.

ఇప్పుడు ఆ ఇప్పనూనె నా మోకాళ్లకి పడుతోంది, రాసేది నా పెళ్లామైన ఆ మరదలే. మొన్న మళ్లీ అడిగాను, గెలిచినవాణ్ణి వదిలి వాడికెందుకు రాశావని. "ఏడాది సంది నీ యెంట తిరిగి కాళ్లు గుంజినయ్ బావా, నువ్వు నోరు తెరుస్తెనా? అందుకే ఆ పొద్దు అమ్మ, నేను నువ్వొచ్చే దారిల కూసున్నం," అంది. ఇన్నేళ్లూ దారి కాసి పట్టినవాణ్ణి నేననుకుంటూ బతికాను, పిచ్చి దున్నపోతుని. నవ్వొచ్చింది, కాస్త గర్వం కూడా వేసింది. అంతా బాగానే ఉంది గానీ, దారిలో కూర్చుంటే చాలు కదా, వాడి వీపుకి మరీ అంతసేపు రాయాలా?