బండి కింద మూడు చుక్కలు

ఇప్పటికీ వీధిలో మునిసిపాలిటీ చెత్తబండి కనిపిస్తే నా నడుం దానంతటదే వంగుతుంది. బండి తోసే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఏటైనా పడిపోనాదా?" అని అడుగుతుంది. ఏమీ లేదని చెప్పి కుచ్చిళ్ళు సర్దుకుని నా దారిన నేను పోతాను. నిజం చెప్పాలంటే ఆవిడ పని మానుకుని గంటసేపు నిలబడాలి.

శ్రీకాకుళంలో నగరపాలక ఆఫీసుకి కూతవేటు దూరంలో, జెరాక్సు షాపుకీ టిఫిన్ బండికీ మధ్య నాదో గది ఉంది. 'ఆన్‌లైన్ టెండర్లు వేయబడును' అని బోర్డు. వీధిదీపాలు మార్చే ఎలక్ట్రీషియన్లు, కాలువల పూడిక తీయించే చిన్న మేస్త్రీలు, స్కూలు యూనిఫారాలు కుట్టే ఆడవాళ్ళు నా దగ్గరికొస్తారు. పని చేయమంటే రెండు చేతులా చేస్తారు, కాగితం నింపమంటే కళ్ళు తేలేస్తారు. ఆ కాగితం పని నాది. కంప్యూటర్లో సంతకం పెట్టడానికి ప్రభుత్వం పెన్‌డ్రైవు లాంటి డిజిటల్ కీ పెట్టుకోమంది కదా, దాన్ని ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. "మా ఇంట్లో ఎక్కడో పడిపోతాది, నీ కాడే ఉంచమ్మా" అంటారు. పిన్ నంబరు చీటీ మీద రాసి, కీకి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పడేస్తాను. ఊళ్ళో సగం మంది సంతకాలు నా సొరుగులోనే ఉండేవి.

ఇంత బాధ్యత ఉన్న మనిషికి నెమ్మది ఉండాలి. నాకది లేదు. గడువు దగ్గరపడితే ఒకచోట కూర్చోలేను. వేసిన ఫైలే మళ్ళీ తెరుస్తాను, గుమ్మంలోకి వెళ్ళొస్తాను, తెచ్చిన టీ చల్లారాక తాగి టీ కొట్టువాణ్ణి తిడతాను. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అని పిలవడం మానేసి చాలాకాలమైంది, విసుగొచ్చి.

చెత్తబండ్ల టెండరు పడిన వారంలో నరసన్నపేట నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. హైవే పక్క వెల్డింగు షెడ్డు. నేను మావయ్యా అని పిలుస్తాను. ఆయన బల్ల మీద చేతులు పెట్టి వాటినే చూసుకుంటున్నాడు. మాట్లాడింది ఆవిడే.

"ఈసారి మా పేరు మీద ఏయించమ్మా. ఈయనకి కళ్ళు మందగిస్తన్నాయి. ఇంకెన్నాళ్ళు సేత్తాడో తెల్దు. ఒక్కపాలైనా ఈయన పేరు మీద సేసినట్టు కాయితం ఉండాల కదా."

నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఊళ్ళో తిరిగే చెత్తబండ్లన్నీ ఏళ్ళ తరబడి చేస్తున్నది ఆయనే అని నాకు తెలుసు. కాగితం మీద మాత్రం వేరే కాంట్రాక్టరు పేరుంటుంది. ఆ కాంట్రాక్టరు నా షాపుకి మొట్టమొదటి గిరాకీ. నన్ను చెల్లీ అంటాడు, నేను అన్నయ్యా అంటాను. ఆయన మొదటి ఆన్‌లైన్ టెండరులో 'ఈ బండ్లు మా సొంత వర్క్‌షాపులో తయారు చేసినవి' అని టైపు చేసింది నేనే. వర్క్‌షాపు ఫొటో కావాలంటే నరసన్నపేట వెళ్ళి ఈ మావయ్య షెడ్డునే ఫొటో తీసుకొచ్చాను. షెడ్డు ముందు ఆయన వెల్డింగు అద్దం చేత్తో పట్టుకుని నిలబడి ఉంటే, "కొంచెం పక్కకి జరుగు మావయ్యా, ఫొటోలో పడతన్నావు" అన్నాను. ఆయన జరిగాడు. అప్పట్లో నాకదేమీ తప్పనిపించలేదు. కొత్తగా షాపు పెట్టుకున్నదాన్ని, పని దొరికితే చాలు.

ఇప్పుడు మళ్ళీ అదే షెడ్డుకి వెళ్ళాను, ఈసారి ఆయన టెండరు కోసం. ఫోను పైకెత్తగానే ఆయన తనంతట తనే పక్కకి జరిగిపోయాడు.

"ఎక్కడికెల్తన్నావు? ఉండక్కడ!" అని కసిరాను. ఆయన బిత్తరపోయి వచ్చి నిలబడ్డాడు. షెడ్డు ముందు ఆయన్ని నడిమధ్యన ఉంచి ఫొటో తీశాను.

అసలు చిక్కు వేరే ఉంది. టెండరు వేసేవాళ్ళకి మూడేళ్ళ అనుభవం ఉండాలని, దానికి ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేయాలని షరతు. చిన్న పరిశ్రమలకి సడలింపు ఉంటుంది కదా అని వాదించాను. ఈ నోటీసులో ఆ ముక్క లేదన్నారు ఆఫీసులో. సర్టిఫికెట్టు ఇచ్చే ఇంజినీరు గారు రోజూ విజయనగరం నుంచి రైల్లో వచ్చే మనిషి, ఎవరి మీదా గొంతు పెంచరు. నేను మాత్రం పెంచాను. ఈయన చేసిన బండ్లు మీ కళ్ళ ముందే తిరుగుతున్నాయి, కనిపించట్లేదా అన్నాను. ఆయన లేచి పాత ఫైలు తెచ్చి నా ముందు తెరిచి పెట్టారు. నేను తీసిన షెడ్డు ఫొటో, దాని కింద నేను టైపు చేసిన వాక్యం.

"ఈ షెడ్డు ఇంకొకరిదని రాసిచ్చింది మీరే కదమ్మా" అన్నారు.

ఫైలు మూసి ఆయన వైపు తోశాను. మెట్లు దిగి బయటికొచ్చాక కోపమంతా అక్కడ భార్యతో ఎదురుచూస్తున్న మావయ్య మీదికి మళ్ళింది. ఇన్నేళ్ళు చేశావు, ఒక్క రసీదైనా దాచుకోలేదా అని కేకలేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"నా బండ్లు నాను గుర్తు పడతానమ్మా. ఇరుసు చట్రానికి అతికే కాడ, లోపలేపు, మూడు సుక్కలెడతాను రాడ్డుతోటి."

"ఆ చుక్కలు దేనికి?"

"దేనికీ కాదు. ఊరికే."

"ఊరికేటి!" అంది ఆవిడ. "పేరు రాసుకోడానికి లేదు కదా మరి."

మర్నాడు తెల్లవారేసరికి ముగ్గురం అరసవల్లిలో పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేయించుకునే చోట ఉన్నాం. గుడికి వెళ్ళే ఆటోలు అప్పుడే మొదలవుతున్నాయి. అక్కడి మేస్త్రికి మమ్మల్ని చూసి అనుమానం. బండ్లు తిరగేస్తామంటే ససేమిరా అన్నాడు. నేను ఆయనతో తగువు వేసుకుంటుండగానే ఒక పెద్దావిడ తన బండిలో డబ్బాలు దింపేసి దాన్ని పక్కకి వాల్చేసింది.

"ఈ బాబు నాకు తెల్దేటి? ఇరుసు ఇరిగితే ఈయన కాడికే కదా తోలుకెల్తాం. సూసుకోనీ."

నేను నేల మీద మోకాళ్ళు ఆనించి లోపలికి చూశాను. మట్టి, మురికి, వాటి కింద వరసగా మూడు చుక్కలు. ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తెలుస్తాయి. తర్వాత బండికీ ఉన్నాయి, ఆ తర్వాత దానికీ ఉన్నాయి. నేను ఫొటోలు తీస్తుంటే కార్మికులు తమంతట తామే బండ్లు వాల్చి పెట్టడం మొదలెట్టారు. ఊళ్ళో కాగితాలకి తప్ప అందరికీ ఈ సంగతి తెలుసన్నమాట. సిగ్గేసింది నాకు. ఒక్క తుప్పు పట్టిన పాతబండికి మాత్రం చుక్కలు లేవు.

"ఇది నువ్వు చేసింది కాదా మావయ్యా?"

"నాదే. అప్పటికింకా సుక్కలెట్టడం లేదు" అన్నాడు, దాన్ని నిమురుతూ.

ఇంజినీరు గారు ఫొటోలు ఒక్కొక్కటే తిరగేశారు. "చుక్కలు చూపిస్తే సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదమ్మా. టెండరుతో పాటు జతచేయండి, కమిటీ చూస్తుంది. కానీ పాత డిక్లరేషను అబద్ధమని ఎవరో ఒకరు రాసివ్వాలి కదా" అన్నారు. ఎవరో ఒకరు అన్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

గడువు రోజు పొద్దున్నే కాంట్రాక్టరు అన్నయ్య ఫోను. "సెల్లీ, మన టెండరు ఏసేశావా?"

"వేస్తాను అన్నయ్యా. సొంత వర్క్‌షాపు అన్న ముక్క మాత్రం ఈసారి నేను టైపు చెయ్యను."

పావుగంటలో షాపులో ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆడు జొరమొచ్చి మంచం పడితే ఆసుపత్రికి ఎవులు తీసుకెల్లినారు? బిల్లు నెలల తరబడి ఆగిపోతే ఓర్సుకున్నది ఎవులు? ఆడికి ఇనుము కొనిచ్చింది ఎవులు? అది కాయితంలో రాయవేటి?"

అదంతా నిజమే. ఆయన సొరుగు లాగి, తన కీ తనే వెతుక్కుని, రబ్బరు బ్యాండు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎదురు వీధిలో ఇంకో షాపు ఉంది.

మధ్యాహ్నానికి మావయ్య టెండరులో అన్నీ ఎక్కించాను, ఒక్క కాగితం తప్ప. అరపేజీ. షెడ్డు ఫొటో తీసింది నేనేనని, అది ఎవరిదో తెలిసే ఇంకొకరిదని రాశానని, కింద నా సంతకం. ఇది ఒకసారి ఎక్కిస్తే వెనక్కి రాదు. రేపు ఎవడైనా నా మీద కేసు పెట్టినా, షాపు మూయించినా దిక్కులేదు. మా పిల్ల చదువు షాపు మీదే నడుస్తోంది. మావయ్య, ఆయన భార్య బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఇలాంటి కాగితం ఒకటుందని వాళ్ళకి చెప్పలేదు. నేను లేచాను, కూర్చున్నాను, ఫ్యాను వేగం పెంచాను, తగ్గించాను. తెర మీద గడియారం మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

"ఏటమ్మా, కరెంటు పోతాదని బయమా?" అంది ఆవిడ.

భయమే అత్తా అని చెప్పి, కాగితం ఎక్కించి, మావయ్య కీ పెట్టి ఆయన చేతే పిన్ కొట్టించాను. ఒక్కో అంకెకీ వేలు గాల్లో ఆపి వెతుక్కున్నాడు. నిమిషాలుండగా 'సమర్పించబడినది' అని వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

టెండర్లు తెరిచే రోజు అందరూ తలో నమూనా బండీ తేవాలి. ఆఫీసు వెనక ఆవరణలో మూడు బండ్లు నిలబెట్టారు. ఒకటి విశాఖపట్నం వాళ్ళది, ఒకటి మావయ్యది, ఒకటి అన్నయ్యది. అన్నయ్య బండికి పచ్చరంగు తళతళలాడుతోంది. ఇంజినీరు గారు చేతిలో మా ఫొటోలు పట్టుకుని, మూడూ పక్కకి వాల్చమన్నారు.

మావయ్య బండి ఇరుసు దగ్గర మూడు చుక్కలు. అన్నయ్య బండి ఇరుసు దగ్గర, పచ్చరంగు కింద, మూడు చుక్కలు.

మావయ్యకి చూపు ఆనక వంగి వేలితో తడిమాడు. "రెండూ నావేనండి" అన్నాడు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అన్నయ్య నవ్వాడు. "గోడౌన్లో ఉన్నదానికి మావోళ్ళు రంగేసి తెచ్చినారు. సేసినోడు ఆడే, సేయించినోణ్ణి నాను. తేడా ఏటున్నాది?"

"సొంత వర్క్‌షాపు అని ఈసారీ రాశారు కదండీ" అన్నారు ఇంజినీరు గారు. తర్వాత నావైపు తిరిగారు. "ఈ కాగితం మీరు రాసిచ్చిందేనా అమ్మా?"

"నేనే ఇచ్చాను. ముందు అబద్ధం రాసిందీ నేనే" అన్నాను.

అన్నయ్య నన్ను చూసి, "సెల్లీ అన్నాను నిన్ను" అన్నాడు. అంతే. ఆ మాటకి ఈరోజుకీ నాకు మంట తగ్గలేదు. ఆయన మీదో నా మీదో చెప్పలేను.

కమిటీ ఆ చుక్కలనీ నా కాగితాన్నీ మావయ్య అనుభవానికి రుజువుగా తీసుకుని, అన్నయ్య టెండరు పక్కన పెట్టింది. మిగిలిన ఇద్దరిలో మావయ్య రేటు తక్కువ, పని ఆయనకొచ్చింది. ఆర్డరు కాగితం చేతికొస్తే ఆయన భార్య దాన్ని మడతపెట్టనివ్వలేదు, నరసన్నపేట దాకా బస్సులో రెండు చేతులతో నిలువుగా పట్టుకునే వెళ్ళింది. నా సొరుగులోంచి మాత్రం కీలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. 'ఎందుకమ్మా' అని అడిగితే 'ఊరికే' అనేవాళ్ళు. ఖాళీ రబ్బరు బ్యాండ్లు ఏరి ఒక డబ్బాలో వేసుకునేదాన్ని. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

కొత్త బండ్లు వీధుల్లోకి వచ్చిన వారం నేను అరసవల్లి వెళ్ళాను. చూడాలని ఒకటే ఆత్రం. మొదటి బండి కింద వంగి చూశాను, చుక్కలు లేవు. రెండోదానికీ లేవు. మూడోదానికీ లేకపోయేసరికి, ఈ పని కూడా ఇంకెవరి చేతో చేయించాడేమోనని ఒళ్ళు మండిపోయి అక్కడి నుంచే ఫోను చేశాను.

"మావయ్యా, సుక్కలేవీ?"

"ఇంకెందుకమ్మా? పేరు కాయితం మీదున్నాది కదా."

వెనక షెడ్డులో ఇనుము కోస్తున్న చప్పుడు. ఇన్నాళ్ళూ అడగని మాట అప్పుడు అడిగాను. "ఒకప్పుడు ఫొటో తీస్తూ నిన్ను పక్కకి జరగమన్నాను. గుర్తుందా మావయ్యా?"

"గుర్తు లేకేటి. ఆ మర్నాటి నుంచే కదా సుక్కలెట్టడం మొదలెట్టినాను" అన్నాడు. మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. "అన్నం తిన్నావా అమ్మా?" అని కూడా అడిగాడు.

తిన్నానని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాను. పాతబండ్లు ఇప్పుడు ఒక్కొక్కటీ తుక్కుకి పోతున్నాయి. అన్నీ పోయేదాకా నా నడుం ఇలా వంగుతూనే ఉంటుంది.