మూడు నట్ల బాణం

ఆ రోజుల్లో మా మామిడికుదురు వైపు కుర్రాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉండేది. మా బావకి, అంటే మావయ్యగారి పెద్దబ్బాయికి, నాటకాల పిచ్చి. నాకు బావ పిచ్చి. అందుకే ఒక ఏడు చవితి పందిట్లో ఆడే నాటకంలో బావ వేటకొచ్చిన రాజు, నేను ఆ రాజు చేతిలో చచ్చే అడవిపంది. (పందికి మాటల్లేవు. బాగా నటించేవాళ్లకే మాటల్లేని పాత్ర ఇస్తారని బావ చెబితే నమ్మేశాను.)

అంతకు ముందు ఏడాది బావ వేసిన బాణం గాల్లోనే అడ్డం తిరిగి హార్మోనియం వాయించే ఆయన ఒళ్లో పడింది. నాటకం అయ్యేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. మావయ్యగారు ఇంటికొచ్చి ఒకటే మాట అన్నారు: "వచ్చే ఏడు కూడా ఇలాగే నవ్వులపాలయ్యేవంటే ఇంక రంగూ లేదు, కిరీటమూ లేదు. మస్కట్ పంపించేస్తాను." పాపం, బావ ఆ పూట అన్నం ముట్టలేదు.

తప్పంతా బాణానిదేనని, దాని ముందు భాగం మరీ తేలికగా ఉందని మేమిద్దరం తేల్చాం. మొదట మట్టి ముద్ద పెట్టి చూశాం, రాలిపోయింది. మైనం పెట్టాం, ఎండకి కారిపోయింది. చివరికి కొసన మేకు దిగ్గొట్టి, దాని వెనక సైకిల్ నట్టు ఒకటి బిగించాం. ఇక చూడండి, గీత గీసినట్టు వెళ్లి నా వీపున దిగింది! (నా వీపంటే నా వీపు కాదు. గోనెసంచికి కొబ్బరి పీచు కుట్టిన పంది తోలు కింద మా అమ్మ భోజనాల పీట కట్టింది. "తలకి కూడా ఏదైనా కడతానుండరా" అని వెంటపడింది గానీ నేనే ఒప్పుకోలేదు.)

నాటకం రోజు రాజుగారు విల్లు ఎక్కుపెట్టగానే చూద్దును కదా, బాణం ముక్కు నేల చూస్తోంది! ఒక్క నట్టుకే అంత బాగా వెళ్లింది కదా, మూడైతే ఇంకెంత బాగా వెళుతుందోనని బావ నాకు చెప్పకుండా ఇంకో రెండు బిగించేశాడు. వద్దని అరుద్దామంటే పందికి మాటల్లేవాయె.

బాణం సగం దూరం వచ్చి, తలకిందులై, స్టేజీ చెక్కలో నిటారుగా దిగబడింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ముందు వరసలో మావయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని లేవబోతున్నారు. బాణం నా దగ్గరికి రాలేదు సరే, నేను దాని దగ్గరికి వెళ్లకూడదని ఎక్కడుంది? ఘుర్రుమంటూ పరిగెత్తి, ఒక్క దూకు దూకి, బాణాన్ని చంకలో ఇరికించుకుని, గిలగిలా కొట్టుకుని చచ్చిపోయాను.

చప్పట్లే చప్పట్లు. మావయ్యగారు మళ్లీ కూర్చుని పక్కాయనతో, "చూసేరా అండీ మావోడి గురి! మృగం దానంతటదే వచ్చి తగిలించేసుకుంది" అన్నారు. బావ మాత్రం పద్యం మర్చిపోయి, కిరీటంతో సహా నా మీదికి వంగి, "ఒరే, దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"లేదు బావా, పద్యం ఎత్తుకో" అంది చచ్చిన పంది.

తర్వాత బావ మస్కట్ వెళ్లాడు. ఎవరూ పంపలేదు, పెళ్లయ్యాక తనంతట తనే వెళ్లాడు. మొన్న సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లో అదే పీట మీద భోజనానికి కూర్చుంటూ, మేకు దిగిన చిల్లు బొటనవేలితో తడిమి చూశాడు. నా పొట్ట వంక చూసి, "ముందు బరువంతా ఇప్పుడు నువ్వే బిగించుకున్నావేంట్రా" అని నవ్వాడు. నిజమే, ఇప్పుడు ఆ బాణం దాకా వెళ్లాలంటే నాకు ఆటో కావాలి. అంతలోనే నవ్వాపి, "నిజం చెప్పరా, ఆ రోజు దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"ఆయ్, తగిలింది బావా. చంకలో గీరుకుపోయింది. అప్పుడే చెప్తే నువ్వు పద్యం ఎత్తుకోవని..."

బావ తన విస్తట్లో బూరె తీసి నా విస్తట్లో వేశాడు.